క్లయింటు సలహా అడిగినప్పుడు పర్సనల్ కోచ్ పాత్ర ఎంతవరకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: శిక్షణ పూర్తి చేసుకుని కొత్తగా పర్సనల్ కోచ్‌గా, అంటే జీవితంలో, పనిలో ముందుకు వెళ్లాలనుకునేవారికి సంభాషణ ద్వారా తోడ్పడే మనిషిగా, పని మొదలుపెట్టారు. క్లయింట్లు వచ్చి "నన్నేం చేయమంటారు?" అని అడుగుతున్నారు. శిక్షణలో నేర్పినట్టు మీరు తిరిగి ప్రశ్నలు వేస్తే, డబ్బిచ్చి వచ్చింది ప్రశ్నలు వినడానికా అన్నట్టు చూస్తున్నారు. పోనీ అని సలహా చెబితే ఆ రోజుకు తృప్తిగా వెళ్తున్నారు గాని, తర్వాతి సెషన్‌కు ఏమీ చేయకుండా వస్తున్నారు. ఇంతకీ కోచ్ చేయవలసింది ఏమిటి, చేయకూడనిది ఏమిటి అని అడిగారు. చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, కొత్త కోచ్‌ల సెషన్లు విని వారితో చర్చించే బాధ్యత కూడా చూస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

క్లయింటు జీవితానికి సంబంధించిన నిర్ణయం, ఆ నిర్ణయాన్ని అమలు చేయడం, దాని ఫలితాన్ని అనుభవించడం, ఈ మూడూ క్లయింటువి. ఆ నిర్ణయానికి దారితీసే సంభాషణ ఎంత బాగా జరిగిందన్నది కోచ్ బాధ్యత. ఆ గంటసేపట్లో క్లయింటు తన పరిస్థితిని రోజూ చూసేదానికంటే స్పష్టంగా చూడగలిగారా, తామన్న మాటలను తామే విన్నారా, వెళ్లే ముందు ఏం చేయబోతున్నారో తమ నోటితో చెప్పారా అన్న వాటికి కోచ్ జవాబుదారీ. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ ఈ గీత చెరిగిపోవడం వల్ల వచ్చినవేనని నా అభిప్రాయం. సలహా ఇచ్చేసినప్పుడు క్లయింటు మోయవలసిన బరువును మీరు నెత్తిన పెట్టుకుంటున్నారు. ఉత్త ప్రశ్నలు వేసుకుంటూ కూర్చున్నప్పుడు మీ పనిని క్లయింటు మీదికి నెడుతున్నారు. రెండో సందర్భంలో వారికి కలిగే అసంతృప్తిలో న్యాయముంది, దాన్ని కొట్టిపారేయకండి.

మంచి సలహా కూడా ఎందుకు అమలు కాదో ముందు చూద్దాం. ఏదైనా మార్పు విషయంలో ఊగిసలాడుతున్న మనిషికి మారడానికి కారణాలూ తెలుసు, మారకపోవడానికి కారణాలూ తెలుసు. అలాంటి మనిషితో మనం మార్పు పక్షాన నిలబడి మాట్లాడడం మొదలుపెడితే, అతను తనకు తెలియకుండానే రెండో పక్షానికి వెళ్లి "మీరన్నది నిజమే గాని" అని అందుకుంటాడు. వాదన సాగే కొద్దీ మారకపోవడానికి కారణాలన్నీ అతని నోటి నుంచే వస్తాయి, సొంత గొంతుతో చెప్పుకున్న కారణాలు మనం చెప్పిన వాటికంటే అతనికి బలంగా వినిపిస్తాయి. మద్యం అలవాటుతో ఇబ్బంది పడేవారితో పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో ఈ విషయం మీద రాశారు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతిగా తీర్చిదిద్దారు. ఎదుటివారి జీవితంలో లోపం కనబడగానే దాన్ని సరిదిద్దేయాలని సహాయకుల్లో పుట్టే తొందర గురించి వారు ప్రత్యేకంగా హెచ్చరించారు. ఆ తొందర చెడ్డ బుద్ధి వల్ల రాదు, మంచి మనసు వల్లే వస్తుంది. అందుకే దాన్ని గుర్తుపట్టడం కష్టం. మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అభివృద్ధి చేసిన స్వనిర్ణయ సిద్ధాంతం కూడా ఈ దిశలోనే మాట్లాడుతుంది. తాను ఎంచుకున్నదన్న భావన, చేయగలనన్న నమ్మకం, తనను పట్టించుకునేవారున్నారన్న భరోసా ఉన్న పనిలోనే మనిషి ఎక్కువకాలం నిలుస్తాడు. మనం చెప్పిన సలహాలో ఈ మూడింటిలో మొదటిదే లోపిస్తుంది.

అయితే సలహా మానేస్తే మిగిలేది ప్రశ్న ఒక్కటే అనుకోవడం దగ్గర చాలామంది కొత్త కోచ్‌లు ఆగిపోతున్నారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక క్లయింటు ఉద్యోగం మానేసి సొంతంగా వ్యాపారం పెట్టాలా వద్దా అన్న ప్రశ్నతో వచ్చారనుకోండి. ఇరవై నిమిషాలు మాట్లాడి, "ఇక మీరే చెప్పండి, మానేయమంటారా?" అన్నారు. ఇక్కడ "మీకేమనిపిస్తోంది?" అని అడగడం సులువు. అదే తేలక వచ్చిన మనిషికి ఆ ప్రశ్న తలుపు మూసినట్టే ఉంటుంది. పని తెలిసిన కోచ్ ఇలా అనవచ్చు: "ఇంతసేపు మీరు చెప్పినది విన్నాను. అందులో పెట్టబోయే వ్యాపారం గురించి రెండు మూడు మాటలే వచ్చాయి. మిగతాదంతా సోమవారం ఉదయం జరిగే సమీక్ష సమావేశం గురించే." అని ఆగాలి. క్లయింటు వెంటనే ఏమీ అనకపోవచ్చు. కొంతసేపటికి ఆమె "ఆ సమావేశం లేకపోతే నాకీ ఉద్యోగం ఇష్టమే" అన్నారనుకోండి, వచ్చినప్పటి ప్రశ్న అక్కడితో మారిపోయింది. మానేయాలా వద్దా అన్నదాని స్థానంలో, ఆ సమావేశంలో జరుగుతున్నదాన్ని ఎలా ఎదుర్కోవాలి అన్న ప్రశ్న వచ్చింది. ఈ రెండో ప్రశ్న మీద ఆమె ఈ వారంలోనే ఏదో ఒకటి చేయగలరు.

ఇక్కడ కోచ్ సలహా చెప్పలేదు, ప్రశ్న కూడా వేయలేదు. తాను విన్నదాన్ని తీర్పు కలపకుండా తిరిగి ఆమె ముందు పెట్టారు. "మీకు మీ పై అధికారి అంటే భయమన్నమాట" అని ఉంటే అది వ్యాఖ్యానం అయ్యేది, ఆమె దాన్ని ఖండించే పనిలో పడేవారు. ఎంతసేపు దేని గురించి మాట్లాడారన్నది మాత్రం ఇద్దరూ చూడగల విషయం. ఇంత శ్రద్ధగా వినాలంటే, తర్వాత ఏ ప్రశ్న వేయాలా అని మనసులో కూర్చుకోవడం మానాలి. ఆ తర్వాతి నిశ్శబ్దం కూడా పనిలో భాగమే. కొత్త కోచ్‌ల సెషన్లు వింటున్నప్పుడు నాకు తరచుగా కనిపించేది, క్లయింటు ఆలోచనలో పడిన సరిగ్గా ఆ క్షణంలో కోచ్ మరో ప్రశ్న అందించి ఆ ఆలోచనను తెంపేయడం. క్లయింటు చూపు పక్కకు తిప్పి మౌనంగా ఉన్నారంటే చాలాసార్లు పని జరుగుతోందని అర్థం. అప్పుడు మీరు చేయవలసింది వేచి ఉండడమే.

ప్రశ్నలు వద్దని కాదు. ఏ ప్రశ్న అన్నదే ముఖ్యం. "మీరు ఒకసారి నేరుగా మాట్లాడితే బాగుంటుందని అనిపించడం లేదా?" అన్నది ప్రశ్న రూపంలో ఉన్న సలహా, క్లయింట్లు దాన్ని ఇట్టే పసిగడతారు. ఒకదాని వెంట ఒకటి మూడు ప్రశ్నలు గుప్పిస్తే వారు అన్నింటిలో తేలికైనదానికే జవాబిస్తారు. "ఎందుకలా చేశారు?" అంటే సంజాయిషీ వస్తుంది, "ఆ సమయంలో మీకేది ముఖ్యమనిపించింది?" అంటే సమాచారం వస్తుంది. ఈ వృత్తి మూలాల్లో ఒకటి టెన్నిస్ కోర్టులో ఉంది. 1970లలో టిమోతీ గాల్వే అనే టెన్నిస్ శిక్షకుడు ఆటగాళ్లకు సూచనల మీద సూచనలు ఇవ్వడం తగ్గించి, బంతి నేలను తాకినప్పుడు ఒక మాట, రాకెట్‌కు తగిలినప్పుడు ఒక మాట పైకి అనమని చెప్పేవారు. ఆటగాడి దృష్టి తన తప్పుల మీద నుంచి బంతి మీదికి మళ్లేది, దాంతో ఆట మెరుగుపడేది. కోచ్ వేసే ప్రశ్న కూడా అదే పని చేయాలి. క్లయింటు దృష్టిని ఇంతవరకు చూడని చోటికి మళ్లించాలి. ఒకప్పుడు కార్ రేసింగ్ డ్రైవరైన జాన్ విట్‌మోర్ ఈ ఆలోచనను వ్యాపార రంగంలోకి తెచ్చారు. ఆయన ప్రచారంలోకి తెచ్చిన గ్రో నమూనా మీకు శిక్షణలో చెప్పే ఉంటారు. లక్ష్యం, వాస్తవ పరిస్థితి, ఉన్న మార్గాలు, చేయబోయే పని అనే ఆ నాలుగు దశలు ఉపయోగకరమైనవే. కాని క్లయింటు ఇంకా వాస్తవ పరిస్థితి దగ్గరే తడబడుతుంటే సమయం అయిపోతోందని మార్గాల దగ్గరికి లాక్కెళ్లకండి. మీరు చెప్పిన "ఏమీ చేయకుండా వచ్చే" క్లయింట్లలో కొందరు ఇలా తొందరగా లాక్కెళ్లబడినవారే అయి ఉండవచ్చు.

మరి కోచ్‌కు తెలిసిన విషయం ఉన్నప్పుడు నోరు మూసుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. అలా కూర్చోవడం ఒక్కోసారి అన్యాయం కూడా. క్లయింటు ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్నారు, మీరు ఒకప్పుడు నియామకాల విభాగంలో పనిచేశారు. ఎంపిక చేసేవారు ఏం చూస్తారో మీకు తెలిసి ఉండి, "మీ ఉద్దేశంలో వాళ్లేం చూస్తారంటారు?" అని అడుగుతూ పోవడం మనిషిని ఆడించడమే అవుతుంది. దీనికి చక్కటి క్రమం ఉంది. ముందు వారికి ఏం తెలుసో అడగండి. తర్వాత "ఈ విషయంలో నాకు కొంత అనుభవం ఉంది, చెప్పమంటారా?" అని అనుమతి తీసుకోండి. అవునంటే క్లుప్తంగా, వీలైతే ఒకటికంటే ఎక్కువ మార్గాలుగా చెప్పండి. చివరగా "ఇందులో మీ పరిస్థితికి సరిపోయేది ఏమైనా ఉందా? సరిపోనిది ఏది?" అని బంతిని తిరిగి వారి చేతిలో పెట్టండి. సమాచారం ఇవ్వవచ్చు, నిర్ణయం ఇవ్వకూడదు. ఆ తేడా మీ మనసులో ఉంటే చాలు, ప్రతి మాటకూ భయపడనక్కర్లేదు. అయితే ప్రతి సెషన్‌లోనూ ఇదే జరుగుతోందంటే ఆ క్లయింటుకు కావలసింది కోచ్ కాదు, ఆ రంగం తెలిసిన మెంటరో కన్సల్టెంటో అయి ఉంటారు. ఆ మాట వారికి చెప్పడం కూడా మీ బాధ్యతే.

ఇక అన్నింటికంటే జాగ్రత్తగా చూసుకోవలసిన హద్దు మానసిక చికిత్స దగ్గరిది. కోచింగ్ అనేది, రోజువారీ జీవితాన్ని నడుపుకోగలిగిన మనిషి ముందుకు వెళ్లడానికి చేసే పని. కోచ్ రోగనిర్ధారణ చేయరు, పాత గాయాలకు చికిత్స చేయరు. రెండు వారాలు, అంతకుమించి దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండడం, ఒకప్పుడు ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, నిద్రా ఆకలీ బాగా మారిపోవడం, తాను దేనికీ పనికిరానన్న మాట పదేపదే రావడం, మద్యం గాని మరో మత్తు గాని అదుపు తప్పడం, ఏదో పాత సంఘటన తలపుకు రాగానే ఒళ్లంతా వణకడం వంటివి కనిపిస్తే, లక్ష్యాల గురించి మాట్లాడడం ఆపి వైద్య సహాయం గురించి మాట్లాడాలి. "మీలో క్రమశిక్షణ తగ్గింది" అని డిప్రెషన్‌లో ఉన్న మనిషికి కొత్త దినచర్య రాసిస్తే, అది పాటించలేకపోవడం వారి దృష్టిలో తమ అసమర్థతకు మరో రుజువవుతుంది. మనం మేలు చేస్తున్నామనుకుంటూ చేసే హాని ఇది. చెప్పే తీరు ముఖ్యం. "ఇది నా పరిధి కాదు" అని చేతులు దులుపుకున్నట్టు అనకండి. "మీరు చెప్పినవాటిలో నిద్ర గురించి, దిగులు గురించి నాకు ఆలోచనగా ఉంది. దీన్ని సరిగ్గా అంచనా వేయగలిగేది వైద్యులు. ఈ వారంలో ఎవరినైనా కలవడానికి ఏం అడ్డొస్తుంది?" అనండి. థెరపీ సాగుతుండగా, ఆ చికిత్స చేస్తున్నవారికి అభ్యంతరం లేకపోతే, కోచింగ్ కూడా కొనసాగవచ్చు.

బతకాలని లేదన్న సూచన మాటల్లో ఎక్కడ వినిపించినా సూటిగా అడగండి: "చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా?" అలా అడగడం వల్ల లేని ఆలోచన పుడుతుందన్న భయం సరైనది కాదు. అడిగితే చాలామందికి చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునని జవాబొస్తే ఆ రోజు కోచింగ్ లేదు. వారిని ఒంటరిగా వదలకుండా, అత్యవసర సహాయానికి, వారు నమ్మే మనిషికి చేరేలా చూడడమే పని. ఇంట్లో హింస జరుగుతోందని తెలిసినప్పుడు కూడా అంతే. ఆ పరిస్థితిలో ఉన్న మనిషితో "సంబంధాన్ని మెరుగుపరచుకోవడం" అనే లక్ష్యం మీద పనిచేయడం ప్రమాదకరం. ముందు భద్రత, దానికి ఆ పని తెలిసినవారి సహాయం.

ఇలాంటి సందర్భాల్లో గోప్యతకు మినహాయింపు ఉంటుందని మొదటి సమావేశంలోనే చెప్పి ఉండాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడు, చట్టం కోరినప్పుడు తప్ప ఇక్కడి మాట బయటికి పోదని రాతపూర్వక ఒప్పందంలో పెట్టుకోండి. సెషన్ల సంఖ్య, ఫీజు, రద్దు నియమాలు, మధ్యలో సందేశాలకు మీరు ఎప్పుడు జవాబిస్తారు అన్నవీ అందులోనే ఉండాలి. ఒప్పందంలో అసలు చిక్కు వచ్చేది డబ్బు ఒకరు ఇచ్చి, సేవ మరొకరు పొందినప్పుడు. సంస్థ తన ఉద్యోగికి కోచ్‌ను పెట్టిందనుకోండి. మూడో సెషన్ తర్వాత ఆ ఉద్యోగి పై అధికారి ఫోన్ చేసి, "ఎలా ఉన్నాడు, మారతాడంటారా?" అని మామూలుగా అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు మీరిచ్చే జవాబుతో ఆ పని నిలబడుతుంది, లేదా కూలిపోతుంది. అందుకే ముగ్గురూ కలిసి మొదటే కూర్చోవాలి. లక్ష్యాలు ముగ్గురికీ తెలియవచ్చు, సెషన్లు జరిగాయా లేదా అన్నది కోచ్ చెప్పవచ్చు. లోపల ఏం మాట్లాడుకున్నారు, ఎంత ప్రగతి వచ్చింది అన్నది మాత్రం ఉద్యోగే స్వయంగా చెప్పుకోవాలి. పిల్లలకు తల్లిదండ్రులు కోచ్‌ను పెట్టినప్పుడు, భర్త ఫీజు కట్టి భార్యను పంపినప్పుడు కూడా ఇదే చిక్కు వేరే రూపంలో వస్తుంది. చట్టం తల్లిదండ్రులకు ఇచ్చే హక్కులను గమనిస్తూనే, ఏది ఎవరికి తెలుస్తుందో ఎదురుగా కూర్చున్న మనిషికి ముందే తెలిసి ఉండాలి.

ఇప్పుడు మీ రెండో ఇబ్బందికి వస్తాను. క్లయింటు ఒప్పుకున్న పని చేయకుండా వచ్చినప్పుడు కోచ్ ఏ పాత్రలోకి జారుతున్నారో గమనించాలి. కొందరు హోంవర్కు చూసే ఉపాధ్యాయులవుతారు, కొందరు "పర్వాలేదులెండి" అని దాటేస్తారు. రెండింటివల్లా క్లయింటు నేర్చుకునేదేమీ ఉండదు. చేయకపోవడం కూడా సమాచారమే. ఆ పని నిజంగా వారిదేనా, లేక మీ మొహం చూసి ఒప్పుకున్నదా? పరిమాణం పెద్దదైందా? లేక దానికంటే విలువైనది మరొకటి అడ్డొచ్చిందా? "ఈ వారం ఏది జరిగింది? ఆ పని తలపుకు వచ్చిన క్షణంలో ఏమైంది?" అని నింపాదిగా అడిగితే మూడింటిలో ఏదో తేలుతుంది. మొదటిదైతే ఆ పనిని నిస్సంకోచంగా వదిలేయమనండి. రెండోదైతే చిన్నది చేయించి, ఎప్పుడు, ఎక్కడ అన్నది వారి చేతనే చెప్పించండి. "రేపట్నుంచి రాస్తాను" అన్నదానికీ "ఉదయం పిల్లల్ని బడిలో దింపి వచ్చాక, కుర్చీలో కూర్చోగానే పది నిమిషాలు రాస్తాను" అన్నదానికీ చాలా తేడా ఉంది. ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తాను అని ముందే ముడివేసుకోవడం ఆచరణకు తోడ్పడుతుందని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి. మూడోదైతే, అదే ఆ రోజు సెషన్‌కు అసలు విషయం.

ఆధారపడడం గురించి కూడా చెప్పాలి. ప్రతి చిన్న నిర్ణయానికీ ముందు మీకు సందేశం పంపే క్లయింటు మీ వల్ల ఎదుగుతున్నట్టు కాదు. మనకు అది మన అవసరం ఉందన్న తృప్తినిస్తుంది, ఆదాయం కూడా ఇస్తుంది. కాబట్టి దాన్ని మనంతట మనం తగ్గించుకోవడం కష్టమే, అయినా తగ్గించాలి. "ఈ నిర్ణయం మీరే తీసుకోవలసి వస్తే ఎలా తీసుకుంటారు?" అని అడిగి, వారు తీసుకున్న తర్వాత ఎలా తీసుకున్నారో సెషన్‌లో మాట్లాడండి. పెళ్లి, డబ్బు, విశ్వాసాల విషయంలో మీకున్న అభిప్రాయాలు ప్రశ్నల్లోకి చొరబడకుండా చూసుకోవడానికి అనుభవజ్ఞులతో క్రమం తప్పకుండా మీ పని గురించి చర్చించే ఏర్పాటు, అంటే సూపర్‌విజన్, పెట్టుకోండి. చాలా దేశాల్లో ఎవరైనా కోచ్‌నని చెప్పుకోవచ్చు, లైసెన్సు నిబంధన లేదు. 1995లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ వంటి సంస్థల నైతిక నియమావళి, క్లయింట్లతో 100, 500, 2,500 గంటల అనుభవాన్ని బట్టి అది ఇచ్చే మూడు స్థాయిల గుర్తింపు స్వచ్ఛందమైనవి. చట్టం కాపలా లేని చోట మన హద్దులు మనమే గీసుకోవాలి, ఫలితానికి హామీ ఇచ్చే ప్రకటనలు మానడంతో సహా.

తర్వాతి సెషన్‌లో మీ క్లయింటు మళ్లీ "మీరే చెప్పండి" అన్నప్పుడు ఇలా మొదలుపెట్టి చూడండి: "నా అభిప్రాయం కావాలంటే చివర్లో తప్పకుండా చెబుతాను. దానికి ముందు పావుగంట మీరు ఇప్పటివరకు ఆలోచించినదంతా నాతో చెప్పండి. నాకు వినిపించినది మీకు తిరిగి చెబుతాను, సరిగ్గా విన్నానో లేదో మీరు సరిచూడండి." మాట ఇచ్చారు గనుక, చివర్లో అడిగితే క్లుప్తంగా చెప్పండి, అది మీ అభిప్రాయమేనని చెప్పి మరీ చెప్పండి. చాలామంది అప్పటికి అడగడం మరిచిపోతారు. కొందరు మాత్రం ఎంత చేసినా నిర్ణయం మీ నోటి నుంచే రావాలని పట్టుబడతారు. వారితో కోచింగ్ ఏమివ్వగలదో, ఏమివ్వలేదో మరోసారి స్పష్టంగా మాట్లాడి, కావలసింది వేరే రకమైన సహాయమైతే అది ఎక్కడ దొరుకుతుందో చెప్పి, మిగిలిన సెషన్ల డబ్బు తిరిగి ఇచ్చి మర్యాదగా పంపండి.